చుక్క కూడా రాయాలమ్మా

2020 డిసెంబరు 16న ధనుర్మాసం పట్టింది. మర్నాడు అడిలైడ్‌లో ఆస్ట్రేలియాతో మనవాళ్ళ మొదటి క్రికెట్ టెస్టు. ఆ నెలంతా నేను చీకటితో లేచి వాకిట్లో చుక్కలు పెట్టాను, లోపలికొచ్చి పుస్తకంలో చుక్కలు పెట్టాను. వాకిట్లోవి అమ్మ కోసం, పుస్తకంలోవి నాన్నగారి కోసం.

మాది కోనసీమలో, అమలాపురం దగ్గర కాలవ గట్టు మీద ఊరు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే నేను కరోనా మొదటి లాక్‌డౌన్‌లో ఇంటికి వచ్చేసి, ఇక్కడి నుంచే పని చేస్తున్నాను. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, వంగి ముగ్గు పెట్టలేదు. నాన్నగారు హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఆయనకి పార్కిన్సన్స్ అని తేలి అప్పటికి రెండేళ్ళు. కుడిచెయ్యి వణుకు. కాఫీ గ్లాసులో సగమే పోయాలి, నిండా పోస్తే ఒలికిపోతుంది. ఒకసారి బ్యాంకులో సంతకం కలవలేదని ఫారం వెనక్కి ఇచ్చేశారు. ఆ రోజు ఇంటికొచ్చి సాయంత్రం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు. నలభై ఏళ్ళు బోర్డు మీద సున్నా చుడితే కంపాస్‌తో గీసినట్టు వచ్చేదని ఆయన దగ్గర చదివినవాళ్ళు ఇప్పటికీ చెబుతారు.

ఆయనకి స్కోరు రాయడం కాలేజీ రోజుల నుంచి అలవాటు. ట్రంకు పెట్టెలో పద్నాలుగు లాంగ్ నోటుబుక్కులు ఉన్నాయి, అన్నీ స్కేలు పెట్టి తనే గీతలు గీసుకున్నవి. 1974 జూన్‌లో లార్డ్స్‌లో ఇండియా 42 పరుగులకి ఆలౌటైన ఇన్నింగ్స్ అందులో ఉంది. షార్ట్‌వేవ్‌లో బీబీసీ వింటూ రాసింది. గరగరలో వినపడని బంతుల దగ్గర ప్రశ్నార్థకం పెట్టారు కానీ ఊహించి నింపలేదు. 1981 ఫిబ్రవరిలో మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాని 83కే పడగొట్టిన రోజుది కూడా ఉంది. 28 పరుగులిచ్చి కపిల్ దేవ్ తీసిన 5 వికెట్లూ ఎర్ర సిరాతో రాసుకున్నారు. చెయ్యి వణకడం మొదలయ్యాక ఆ పెట్టె మళ్ళీ తెరవలేదు.

డిసెంబరు 15 సాయంత్రం నన్ను పిలిచి, "ఈసారి పుస్తకం నువ్వు పడతావా అమ్మా? నోటితో నేను చెబుతాను" అన్నారు. నాకు క్రికెట్ తెలుసు, టీ20లు చూస్తాను. ఐదు రోజుల మ్యాచ్ మాత్రం మొదటి నుంచి చివరిదాకా ఎప్పుడూ కూర్చుని చూడలేదు. అయినా ఒప్పుకున్నాను. ఆయన నన్ను ఏదైనా అడగటమే అరుదు.

ముందు గీతలు గీయడం. ఆ రాత్రి భోజనాలయ్యాక రెండు గంటలు పట్టింది. ఎడమ పేజీలో బ్యాటర్లు, ఒక్కొక్కరికి ఒక పొడుగు వరస. కుడి పేజీలో బౌలర్లు, ఓవరుకి ఒక గడి. అడుగున ఎక్స్‌ట్రాలు, అంటే బ్యాటర్ ఖాతాలో పడని పరుగులు; వికెట్ పడినప్పుడు జట్టు స్కోరు ఎంతో వేయడానికి పది గళ్ళు. ప్రతి బంతినీ రెండుచోట్ల రాయాలి, ఆడినవాడి వరసలో ఒకసారి, వేసినవాడి గడిలో ఒకసారి. పరుగు రాకపోతే చుక్క. వైడుకి ప్లస్ గుర్తు, నోబాల్‌కి సున్నా, బైకి త్రికోణం, లెగ్ బైకి తలకిందులు చేసిన త్రికోణం. బంతి బ్యాటుకి కాక ఒంటికి తగిలి పరుగొస్తే లెగ్ బై. అది వస్తే ఆడినవాడి వరసలో మాత్రం చుక్కే, ఆ పరుగు అతనిది కాదు కాబట్టి. ఓవరంతా ఆరు చుక్కలే పడితే అది మెయిడెన్, ఆ చుక్కల్ని కలిపి ఎం అక్షరం చెయ్యాలి. అందులోనే వికెట్ కూడా పడితే డబ్ల్యూ.

"ఆఖర్న బ్యాటర్ల పరుగులూ ఎక్స్‌ట్రాలూ కూడితే ఎంతొస్తుందో, బౌలర్లు ఇచ్చిన పరుగులకి బైలూ లెగ్ బైలూ కలిపినా అంతే రావాలి. ఒక్క పరుగు తేడా ఉన్నా పుస్తకం మూయకూడదు" అన్నారు నాన్నగారు.

అడిలైడ్‌లో పగలూ రాత్రీ ఆడే పింక్ బాల్ మ్యాచ్ కాబట్టి మనకి ఉదయం తొమ్మిదిన్నరకి మొదలైంది. గురువారం, నాకు ఆఫీసు పని. ల్యాప్‌టాప్ ఒక పక్క, పుస్తకం ఒక పక్క పెట్టుకుని కూర్చున్నాను. మొదటి గంటలో పరుగొస్తే రాశాను, రాకపోతే వదిలేశాను. పరుగు లేని బంతికి రాయడానికేముంది అనుకున్నాను. నాన్నగారు ఒక ఓవరు అయ్యాక గడిలోకి చూసి, "మిగతా నాలుగు బంతులేవి?" అని అడిగారు. ఏమీ జరగలేదుగా అన్నాను. ఆయన కోప్పడలేదు. "అతను పరిగెత్తుకొచ్చి బంతి వేశాడు. ఇతను వికెట్ కాపాడుకున్నాడు. జరగకపోవడమేంటి? చుక్క కూడా రాయాలమ్మా" అన్నారు. వదిలేసిన వాటి దగ్గర ప్రశ్నార్థకాలు పెట్టించారు. ఈ నోటుబుక్కు మొదటి పేజీలో అవి పదకొండు ఉన్నాయి.

మొదటి ఇన్నింగ్స్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. కోహ్లీ 74 దగ్గర రనౌట్, మనవాళ్ళు 244, వాళ్ళు 191. శనివారం 19వ తేదీ ఉదయం మాత్రం నేను బతికున్నంత కాలం మర్చిపోను. ముందురోజు సాయంత్రం ఒక వికెట్‌కి 9 దగ్గర ఆగారు. నాకు సెలవు, పెన్ను పట్టుకుని నిమ్మళంగా కూర్చున్నాను. వికెట్ పడినప్పటి స్కోరు గళ్ళలో రెండో వికెట్‌కి 15 వేశాను. మూడో వికెట్‌కి 15. నాలుగో వికెట్‌కి 15. ఐదోదానికి వేసేముందు, తప్పు రాస్తున్నానేమోనని నాన్నగారి మొహం చూశాను. "పదిహేనే, వెయ్యి" అన్నారు. వాళ్ళ బౌలరు హేజిల్‌వుడ్ గళ్ళలో చుక్కలు కలపడానికి కూడా ఖాళీ దొరకలేదు. 5 ఓవర్లు, 3 మెయిడెన్లు, 8 పరుగులు, 5 వికెట్లు. షమీ చేతికి బంతి తగిలి ఆడలేకపోవడంతో ఇన్నింగ్స్ 36 దగ్గర ముగిసింది.

కూడటానికి ఎంతసేపు? 4, 9, 2, 0, 4, 0, 8, 4, 0, 4, 1. అందరిలోకీ పెద్దది మయాంక్ కొట్టిన 9. ఎక్స్‌ట్రాలు ఒక్కటీ లేవు. రెండు పక్కలా 36 సరిపోయింది. లెక్క కలిసిందని సంతోషించాల్సిన మొదటి రోజు అలా గడిచింది. నాన్నగారు ట్రంకు పెట్టెలోంచి 1974 పుస్తకం తెప్పించి, రెండు పేజీలూ పక్కపక్కన పెట్టించారు. ఇండియా టెస్టు చరిత్రలో అన్నిటికన్నా తక్కువ స్కోరు 46 ఏళ్ళు ఆయన రాసిన పేజీలో ఉంది, ఇప్పుడు నా పేజీలోకి వచ్చింది. "నలభై రెండు నేను రాశాను, ముప్పై ఆరు నీ చేత రాయించాను" అని కాసేపు కళ్ళు మూసుకున్నారు. ఇక ఈ టూరులో రాయమంటారో లేదో అనుకున్నాను. సాయంత్రం కాఫీ తాగుతూ, "మెల్‌బోర్న్ పొద్దున్న ఐదింటికి. రేపు గీతలు గీసేద్దాం" అన్నారు.

ఆ సిరీస్ మొత్తంలో నాకు నచ్చిన మాట అదే.

ఐదింటికి ఆట అంటే నాలుగింటికి లేవాలి. మా ఊళ్ళో డిసెంబరు ఆఖర్లో ఆ టైముకి పొగమంచులో ఎదురింటి గేటు కూడా కనపడదు. కొబ్బరి మట్టల మీంచి మంచు నీళ్ళు టప్ టప్ మని కారుతుంటాయి. కళ్ళాపి చల్లి, బయట లైటు వెలుతురులో ముగ్గు వేసేదాన్ని. అమ్మ అరుగు మీద శాలువా కప్పుకుని కూర్చుని చెప్పేది. పదిహేను చుక్కలు, సందు చుక్క, ఎనిమిది వచ్చేదాకా. ఒక చుక్క వరసలో లేకపోతే మెలిక తిరగదని చెరిపించేది. చెయ్యి కడుక్కుని లోపలికొస్తే నాన్నగారు అప్పటికే స్వెట్టరు వేసుకుని, టీవీ సౌండు తగ్గించి, పెన్ను మూత తీసి ఉంచేవారు. మూత తియ్యడం ఆయనకి సులువు కాదు. నేను తియ్యబోతే వద్దనేవారు.

మెల్‌బోర్న్‌లో కోహ్లీ లేడు. మొదటి బిడ్డ పుట్టబోతుందని ఇంటికి వచ్చేశాడు. షమీ చెయ్యి విరిగి వెళ్ళిపోయాడు. రహానే కెప్టెన్. మొదటి పొద్దునే అశ్విన్‌కి బంతి ఇచ్చాడు, స్మిత్ సున్నాకి ఔటయ్యాడు. ఆదివారం సెంచరీ దాటిన రహానే సోమవారం 112 దగ్గర ఔటయ్యాడు. రెండు దేశాల మధ్య అది వందో టెస్టు, 8 వికెట్ల తేడాతో గెలిచాం. ఈ మ్యాచ్‌లో నేను ఒక్క ప్రశ్నార్థకం కూడా పెట్టలేదు.

కానీ మెల్‌బోర్న్ అంటే నాకు గుర్తొచ్చేది సిరాజ్. అతని మొదటి టెస్టు అదే. వాళ్ళ నాన్న మహమ్మద్ గౌస్ హైదరాబాదులో ఆటో నడిపి కొడుకుని ఆటగాడిని చేశారు. నవంబరు 20న చనిపోయారు. జట్టు అప్పుడు సిడ్నీలో 14 రోజుల క్వారంటైన్‌లో ఉంది. ఇంటికి వెళ్తానంటే పంపిస్తామని బోర్డు చెప్పినా అతను ఉండిపోయాడు. కొత్త బౌలరు వచ్చాడు, పేరు రాయమ్మా అని నాన్నగారు అన్నప్పుడు "సిరాజ్" అని రాస్తుంటే నా చెయ్యి ఆగింది. నేను మా నాన్నగారి పక్కన కూర్చుని ఉన్నాను, ఆయన పెన్ను మూత నా ముందుంది. సిడ్నీలో జనవరి 7న జాతీయగీతం పాడుతూ సిరాజ్ కన్నీళ్ళు తుడుచుకున్నాడు. నాన్నగారు టీవీ వైపు చూస్తూ నా తల మీద చెయ్యి వేశారు. ఆ చెయ్యి వణుకుతోంది. ఇద్దరం ఏమీ అనుకోలేదు.

అదే మ్యాచ్‌లో నాలుగో రోజు, బౌండరీ దగ్గరున్న సిరాజ్‌ని జనంలోంచి కొందరు తిట్టారు. అతను అంపైర్లకి చెప్పాడు. ఆట ఆపి, కొంతమందిని స్టాండ్‌లోంచి బయటికి పంపారు. ఇలాంటి వాటికి స్కోరు పుస్తకంలో గుర్తు లేదు. నాన్నగారు మార్జిన్‌లో "ఆట ఆగింది" అని రాయించి, గడియారం చూసి టైము వేయించారు.

ఇక విహారి సంగతి. కాకినాడలో పుట్టినవాడు, ఆంధ్ర జట్టుకి కెప్టెన్‌గా చేసినవాడు. హైదరాబాదులో పెరిగినా మా వైపు వాళ్ళకి మాత్రం అతను మన కాకినాడ కుర్రాడే. ఆ సిరీస్‌లో అతనికి కలిసిరాలేదు. అడిలైడ్‌లో 16, 8. మెల్‌బోర్న్‌లో 21. సిడ్నీ మొదటి ఇన్నింగ్స్‌లో 4 దగ్గర రనౌట్. పక్కింటి పెద్దనాన్నగారు పాలు తెచ్చినప్పుడల్లా "మనోణ్ణి తీసేస్తారేమోనండి మాస్టారూ" అని దిగులుపడేవారు. "ఆడతాడండి, ఆగండి" అనేవారు నాన్నగారు.

జనవరి 11 సోమవారం. భోగి ఇంకా రెండు రోజులుంది. ఆస్ట్రేలియా 407 లక్ష్యం పెట్టింది, మనం రెండు వికెట్లకి 98. ఓడిపోకుండా డ్రా చేసుకోవాలన్నా రోజంతా ఆడాలి. రెండో ఓవర్లోనే రహానే ఔట్. తర్వాత పంత్ వచ్చి మోచేతి దెబ్బతోనే 118 బంతుల్లో 97 కొట్టాడు. ఒక పక్క పంత్ వరసలో ఫోర్లు, సిక్సులు, ఇంకో పక్క పుజారా వరసలో చుక్కలు. లంచ్‌కి మూడు వికెట్లకి 206 అయ్యేసరికి మా ఇంట్లో గెలుపు మాట కూడా వచ్చింది. లంచ్ తర్వాత పంత్ ఔట్. 205 బంతులు ఆడి 77 దగ్గర పుజారా ఔట్. టీకి ఐదు వికెట్లకి 280. క్రీజులో విహారి, అశ్విన్. విహారికి పరుగు తీస్తుంటే తొడ వెనక కండరం పట్టేసింది. అశ్విన్‌కి నడుం నొప్పి, ఆ ఉదయం బూట్ల లేసులు కట్టుకోవడానికి కూడా వంగలేకపోయాడని తర్వాత తెలిసింది. లోపల జడేజా విరిగిన బొటనవేలితో ప్యాడ్లు కట్టుకుని కూర్చున్నాడు.

నేను పదింటికి ఆఫీసు పనిలో కూర్చోవాలి. మా టీమ్ లీడ్‌కి ఫోన్ చేసి, నాన్నగారితో స్కోరు రాస్తున్నాను, సగం రోజు సెలవు కావాలని ఉన్నదున్నట్టు చెప్పాను. "రాయండి రాయండి, నేనూ చూస్తున్నాను" అన్నారు. ఆయన మేలు ఎప్పటికీ మర్చిపోను.

టీ తర్వాత ఆట ఎలా జరిగిందో మాటల్లో చెప్పడం కష్టం, పేజీ చూపిస్తేనే తెలుస్తుంది. విహారి వరసలో చుక్క, చుక్క, చుక్క. వరస నిండిపోయింది. పక్కన ఇంకో కాగితం అతికించి గీతలు పొడిగించాను. అశ్విన్ వరస కూడా అంతే. ఇద్దరూ పరిగెత్తలేరు, అందుకని ఎవరి కొనలో వాళ్ళు నిలబడిపోయారు. కుడి పేజీలో ఒకదాని పక్కన ఒకటి మెయిడెన్లు. నేను ఎం గీసే లోపు తర్వాతి ఓవరు మొదలైపోయేది. కమిన్స్ బంతి అశ్విన్ పక్కటెముకలకి తగిలినప్పుడు నాన్నగారు తన పక్కటెముకలు పట్టుకున్నారు.

ఆ మధ్యలో కరెంటు పోయింది. మా వీధిలో వైరు మీద కొబ్బరి మట్ట పడింది. ఫోన్లో వీడియో తిరుగుతూనే ఉంది, రావడం లేదు. రాతలో వచ్చే స్కోరు మాత్రం వస్తోంది. నేను పైకి చదవడం మొదలుపెట్టాను. లయన్ టు విహారి, పరుగు లేదు. లయన్ టు విహారి, పరుగు లేదు. నాన్నగారు కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నారు. "మా రోజుల్లో ఇలాగే ఉండేది" అన్నారు. అమ్మ వంటింట్లో స్టవ్ కట్టేసి గుమ్మంలో నిలబడింది. పక్కింటి పెద్దనాన్నగారు ఎప్పుడొచ్చారో అరుగు మీద కూర్చుని వింటున్నారు. చీకటి గదిలో "పరుగు లేదు" అన్న మాట విని నలుగురం ఊపిరి పీల్చుకుంటున్నాం. పరుగు లేదంటే వికెట్ పోలేదని. ఒక నెల క్రితం నేను వదిలేసిన చుక్క అదే.

కరెంటు వచ్చింది. స్టార్క్ బౌలింగ్‌లో విహారి క్యాచ్‌ని వికెట్ కీపర్ పెయిన్ వదిలేశాడు. పెద్దనాన్నగారు అరుగు మీంచి లేచి, "మా నాయనే!" అని రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టారు. ఇంకో ఓవరు ఉండగా రెండు జట్లూ చేతులు కలిపాయి. ఐదు వికెట్లకి 334. విహారి 161 బంతుల్లో 23 నాటౌట్. అశ్విన్ 128 బంతుల్లో 39 నాటౌట్. విహారి వరసలో చుక్కలు వేలితో లెక్కపెట్టాను, నూట యాభైకి తక్కువ లేవు. కోహ్లీకి కూతురు పుట్టిందన్న కబురు కూడా ఆ మధ్యాహ్నమే వచ్చింది.

నాన్నగారు పేజీ తెరిచే ఉంచమన్నారు. భోజనం చేసి వచ్చి మళ్ళీ చూసుకున్నారు. "నేను చాలా రాశాను గానీ ఇలాంటి పేజీ నా దగ్గర లేదమ్మా" అన్నారు. ఆ మ్యాచ్ గెలవలేదు కదా, డ్రా కదా అని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది. ఆ పేజీ చూపించి, ఇందులో ఏ చుక్క తీసేస్తావో చెప్పు అంటాను.

ఆ గాయంతో విహారి తర్వాతి మ్యాచ్ ఆడలేకపోయాడు. అశ్విన్, జడేజా, బుమ్రా కూడా లేరు. అడిలైడ్‌లో బంతి పట్టిన మన బౌలర్లలో ఒక్కరూ బ్రిస్బేన్‌లో లేరు. నాలుగు టెస్టుల్లో మొత్తం 20 మంది ఆడారు. నా పుస్తకంలో కొత్త పేర్లు రాయడానికే వరసలు చాలడం లేదు.

బ్రిస్బేన్ మ్యాచ్ కనుమ నాడు మొదలైంది. పండక్కి అత్తయ్యలు, బావలు, పిల్లలు అందరూ వచ్చారు. అంతకు ముందు ఏడాది నుంచి ఎవరం ఎవరినీ చూసుకోలేదు. కనుమ అంటే మా వైపు జగ్గన్నతోట ప్రభల తీర్థం. వీధిలో జనం, లోపల అరిసెల పళ్ళేలు. వాకిట్లో రథం ముగ్గు వేసి, తాడు గీతని పక్కింటి రథం దాకా లాగి వచ్చేసరికి నా చోట్లో మా మేనల్లుడు కూర్చున్నాడు. పదేళ్ళవాడు. వాడికి గుర్తులన్నీ ఒక్క పూటలో వచ్చేశాయి. బంతికి పరుగు రాకపోతే "చుక్క!" అని అరవడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నానికి ఇల్లంతా అదే. వంటింట్లో గారెలు తీస్తున్న అత్తయ్య కూడా టీవీ వైపు చూడకుండా "ఏరా, చుక్కేనా?" అని అడిగేది.

ఆదివారం ఆరు వికెట్లకి 186 దగ్గర ఇక అయిపోయిందనుకున్నాం. శార్దూల్ ఠాకూర్, మొదటి టెస్టు ఆడుతున్న వాషింగ్టన్ సుందర్ కలిసి 123 పరుగులు జోడించారు. శార్దూల్ ఖాతా తెరవడమే కమిన్స్ బంతికి సిక్స్. సోమవారం సిరాజ్ 73 పరుగులిచ్చి 5 వికెట్లు తీశాడు. ఐదోది పడగానే నాన్నగారు ఎర్ర పెన్ను తెమ్మన్నారు. సిరాజ్ గళ్ళలో ఐదు చోట్లా ఎర్రగా దిద్దాను. కపిల్ దేవ్ తర్వాత మా ఇంట్లో ఎర్ర సిరా ఎక్కిన బౌలరు అతనే.

19వ తేదీ మంగళవారం. చుట్టాలు వెళ్ళిపోయారు, ఇంట్లో మేం ముగ్గురమే. గెలవాలంటే 328. 1988 నుంచి ఆ గ్రౌండులో ఆస్ట్రేలియా టెస్టు ఓడిపోలేదు. గిల్ 91 కొట్టాడు. పుజారాకి హెల్మెట్ మీద, వేళ్ళ మీద, ఛాతీ మీద దెబ్బలు. అతను 196 బంతుల్లో అర్ధశతకం పూర్తి చేశాడు. నేను ఆ వరసని ఇప్పటికీ వేలితో తడిమి చూసుకుంటాను. చివర్లో పంత్ కొడుతుంటే రాయడం, చూడటం రెండూ కుదరలేదు. నాన్నగారు చెబుతుంటే తల వంచుకుని రాస్తూ పోయాను. హేజిల్‌వుడ్ బంతిని పంత్ నేరుగా బౌండరీకి కొట్టిన షాట్ నేను అప్పుడు చూడనే లేదు, రీప్లేలో చూశాను. నాకు వినపడింది "నాలుగమ్మా, నాలుగు! అయిపోయింది" అన్న నాన్నగారి గొంతు. ఏడు వికెట్లకి 329.

వీధిలో పండక్కి మిగిలిన టపాకాయలు పేలాయి. పెద్దనాన్నగారు పంచదార డబ్బా పట్టుకుని వచ్చి అందరి నోట్లో పోశారు. అమ్మ నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది. నేను లెక్క కూడాను. బౌలర్ల వైపు 329. బ్యాటర్ల వైపు 330.

మళ్ళీ కూడాను. 330. టీవీలో స్కోరు కార్డు పెట్టి చూస్తే నిమిషంలో తెలుస్తుందన్నాను. "వద్దు. అది వాళ్ళ పుస్తకం. మనది మన పుస్తకంలోనే దొరకాలి" అన్నారు నాన్నగారు. 97 ఓవర్లు. మధ్యాహ్నం భోజనం ఆలస్యంగా చేసి ఇద్దరం మళ్ళీ కూర్చున్నాం. ఎక్స్‌ట్రాలు 29, అవి రెండుసార్లు చూశాం, సరిగ్గానే ఉన్నాయి. అంటే ఎవరో బ్యాటర్‌కి తనది కాని పరుగు ఒకటి ఇచ్చాను. బౌలర్ల గళ్ళలో తలకిందుల త్రికోణం ఎక్కడెక్కడ ఉందో నేను చదివాను. ఒక్కొక్క దగ్గర ఆగి, ఆ బంతి ఎవరు ఆడారో ఆయన వరసల్లో వెనక్కి లెక్కపెట్టుకుంటూ వచ్చారు. చూపుడువేలు గడి మీద నిలవడం లేదని పెన్సిలు ఆనించి పట్టుకున్నారు. నేను సాయం చేస్తానన్నాను. "నువ్వు చదువు" అన్నారు.

దీపాలు పెట్టే వేళకి దొరికింది. పుజారా వరసలో, 57 అని నేను కూడిన చోట. అక్కడ లెగ్ బైని బౌలరు గడిలో సరిగ్గానే వేసి, తొందరలో అతని వరసలో ఒకటి వేసేశాను. ఆ ఒకటిని కొట్టేసి, పక్కన చుక్క పెట్టాను. పుజారా 56. బ్యాటర్లందరివీ కలిపి 300, ఎక్స్‌ట్రాలు 29.

నాన్నగారు రెండు పక్కలా ఇంకోసారి కూడమన్నారు. కూడాను.

"ఇప్పుడు మూసెయ్యమ్మా" అన్నారు.